ఆర్డర్స్ వచ్చాయి, ఇల్లు కొనలేను. ఎర్నెస్ట్ మనీ వెనక్కి వస్తుందా?

ఇల్లు, ఒప్పందాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను యూఎస్ ఆర్మీలో స్టాఫ్ సార్జెంట్‌ని, ఫోర్ట్ హుడ్‌లో పనిచేస్తున్నాను. ఇన్నేళ్లూ అద్దె ఇళ్లలోనే ఉన్నాం. పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది కదా అని హార్కర్ హైట్స్‌లో ఒక ఇల్లు చూసి కాంట్రాక్ట్ రాశాం. ధర 3 లక్షల 15 వేల డాలర్లు, వీఏ లోన్ (వెటరన్స్ అఫైర్స్ శాఖ హామీతో సైనికులకిచ్చేది). ఎర్నెస్ట్ మనీ (కొంటామన్న నమ్మకానికి కట్టే డిపాజిట్) 3,000, ఆప్షన్ ఫీజు 200 టైటిల్ కంపెనీకి (అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు దగ్గర ఉంచుకునే సంస్థ) కట్టేశాం. కారణం చెప్పకుండా తప్పుకోగల ఏడు రోజుల ఆప్షన్ పీరియడ్ అయిపోయింది. ఇన్‌స్పెక్షన్ బాగానే వచ్చింది, అప్రైజల్ (ఇంటి విలువ లెక్కగట్టడం) జరగాలి. ఇంతలో, సంతకాలైన 16వ రోజున బ్రాంచ్ (మా పోస్టింగ్‌లు చూసే ఆర్మీ విభాగం) నుంచి ఈమెయిల్: జర్మనీకి పీసీఎస్ (శాశ్వత బదిలీ), కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. ఆర్డర్స్ కాగితం ఇంకా చేతికి రాలేదు. మూడేళ్లు పాపతో ఇక్కడ ఒక్కదాన్నే ఉండలేనని నా భార్య అంటోంది. నాకూ వాళ్లను వదిలి వెళ్లడం ఇష్టం లేదు.

"మిలిటరీ వాళ్లకి ఫెడరల్ చట్టం ఉంది, ఏ కాంట్రాక్ట్ అయినా రద్దు చేసుకోవచ్చు, టెన్షన్ పడకండి" అని మా ఏజెంట్ అంటున్నారు. "అలాంటిదేం లేదు, మూడు వేలూ మావే, అవసరమైతే కోర్టుకెళ్తాం" అని అమ్మేవాళ్ల ఏజెంట్ అంటున్నారు. మా యూనిట్‌లో ఒక ఫ్రెండ్ అయితే "కొనుగోలు క్లోజ్ చేసెయ్, అద్దెకిచ్చి వెళ్లిపో, ఎవరూ అడగరు" అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
(పేరు రాయవద్దన్న పాఠకుడు, కిలీన్, టెక్సస్)

జవాబు: ముగ్గురిలో ఎవరి మాటా వినకండి. మీ ఫ్రెండ్ మాట అసలే వినకండి.

మీ గడువులు పత్రిక అచ్చయ్యేదాకా ఆగవు కాబట్టి మీకు అప్పుడే ఈమెయిల్‌లో క్లుప్తంగా రాశాను. అయితే ఇలాంటి ఉత్తరాలు ఫోర్ట్ హుడ్ చుట్టుపక్కల నుంచీ, శాన్ ఆంటోనియో నుంచీ వస్తూనే ఉన్నాయి, అందుకని ఇక్కడ వివరంగా చెబుతున్నాను. నేను లాయర్‌ని కాను. సెంట్రల్ టెక్సస్‌లో ఒక టైటిల్ కంపెనీలో చాలా ఏళ్లు ఎస్క్రో ఆఫీసర్‌గా పనిచేశాను. మీ మూడు వేలు ఎవరికి చెందుతాయో తేలేదాకా వాటిని కాపాడే ఉద్యోగం అది. యూనిఫామ్‌లో వచ్చి, ఆర్డర్స్ కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇది చూపిస్తే డబ్బు ఇచ్చేస్తారట కదా" అని అడిగిన కుర్రాళ్లను ఎందరినో చూశాను. ఇవ్వడానికి ఆ కాగితం ఒక్కటే చాలదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉండేది. ఆ మాట వాళ్లకు సంతకానికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మీ ఏజెంట్ చెబుతున్న చట్టం నిజంగానే ఉంది. సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ యాక్ట్, అందరూ ఎస్‌సీఆర్‌ఏ అంటారు. 1940 నాటి పాత చట్టాన్ని తిరగరాసి 2003 డిసెంబర్‌లో తెచ్చారు. అందులో రద్దు హక్కు ఇచ్చింది లీజులకు. మీరు అద్దెకున్న ఇల్లు, మీరు లీజుకు తీసుకున్న కారు, ఇలాంటివాటికి పీసీఎస్ ఆర్డర్స్ చూపించి బయటపడొచ్చు. ఇల్లు కొనే కాంట్రాక్ట్‌కి ఆ హక్కు లేదు. కొనుగోలు ఒప్పందాల గురించి అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది కానీ, అది సైన్యంలో చేరకముందే అడ్వాన్సో వాయిదానో కట్టినవాళ్లకు వర్తిస్తుంది. వాళ్లు సర్వీసులోకి వెళ్లాక వాయిదా తప్పితే, కోర్టు అనుమతి లేకుండా అమ్మినవాళ్లు ఒప్పందం రద్దు చేయకూడదని దాని ఉద్దేశం. మీరు సర్వీసులో ఉండగా సంతకం పెట్టారు కాబట్టి అది మీ దాకా రాదు. మీ ఏజెంట్ దురుద్దేశంతో చెప్పారని నేననుకోను. లీజుల గురించి విన్నది ఇళ్లకీ అతికించేశారు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ మాట నమ్మి మీరు చేతులు ముడుచుకు కూర్చుంటే గడువులు దాటిపోతాయి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది మంచి సలహాలా వినిపిస్తుంది. వీఏ లోన్ మీరు ఉండటానికి కొనే ఇంటి కోసం. క్లోజింగ్ రోజున "ఈ ఇంట్లో నేను నివసిస్తాను" అని సంతకం పెడతారు. మామూలుగా 60 రోజుల్లోపు చేరాలని చూస్తారు. మీరు విధుల వల్ల చేరలేకపోతే మీ భార్య ఆ ఇంట్లో ఉన్నా నియమం తీరినట్టే. కానీ మీ విషయంలో ఇద్దరూ జర్మనీ వెళ్తున్నారు, ఆ సంగతి క్లోజింగ్‌కి ముందే మీకు తెలుసు. తెలిసి ఆ సంతకం పెడితే అది ఫెడరల్ ప్రభుత్వం హామీ ఉన్న లోన్‌లో అబద్ధం చెప్పడమే. అది నేరం. సైనికుడిగా మీకు దాని పైన ఇంకో భారం కూడా ఉంది, మీ సెక్యూరిటీ క్లియరెన్స్. మూడు వేల డాలర్లు పోతే మళ్లీ సంపాదించుకుంటారు. క్లియరెన్స్ పోతే మీ ఉద్యోగం ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

చాలామంది సైనికులు తమ ఇళ్లను అద్దెకిచ్చి వెళ్తున్నారు కదా అని మీరు అడగొచ్చు. వెళ్తున్నారు, అది పూర్తిగా సక్రమమే. వాళ్లు కొన్నప్పుడు అందులో ఉండాలనే కొన్నారు, ఉన్నారు, తర్వాత ఆర్డర్స్ వచ్చాయి. తేడా అంతా సంతకం పెట్టిన రోజున మీ మనసులో ఏముందన్న దాంట్లోనే ఉంది. వీఏ వదిలేసి మామూలు కన్వెన్షనల్ లోన్‌లో పెట్టుబడి ఇల్లుగా కొనొచ్చు. కానీ డౌన్ పేమెంట్ సాధారణంగా 15 శాతమైనా అడుగుతారు, వడ్డీ కూడా ఎక్కువ. మీ ధరకు లెక్కేస్తే 47 వేల డాలర్ల పైమాటే. ఆ దారి మీది కాదనిపిస్తోంది.

కాబట్టి మీకు దారులంటూ ఉంటే అవి మీ కాంట్రాక్ట్‌లోనే ఉన్నాయి. మీరు పంపిన కాపీ టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి ఫారమే. దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

ముందు చూడాల్సింది లోన్‌కి సంబంధించిన అడెండమ్ (కాంట్రాక్ట్‌కి జతచేసే కాగితం), అంటే థర్డ్ పార్టీ ఫైనాన్సింగ్ అడెండమ్. అందులో మీకు 21 రోజులు ఇచ్చారు. మీరు నాకు రాసే నాటికి 16 అయ్యాయి. ఆ గడువులోపు లోన్ మంజూరు కాకపోతే నోటీసు ఇచ్చి, ఎర్నెస్ట్ మనీ వెనక్కి తీసుకునే హక్కు ఉంది. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాచకుండా చెబుతాను. ఆ అడెండమ్‌లో కొనుగోలుదారు ఆమోదం అంటే మీ ఆస్తులు, ఆదాయం, క్రెడిట్ చరిత్ర అని రాసి ఉంది. మీ జీతం తగ్గలేదు, క్రెడిట్ చెడలేదు. లోన్ ఆగేది ఇంట్లో ఉండలేరన్న కారణం మీద. అది అడెండమ్ కిందికి వస్తుందా? కాంట్రాక్ట్‌లో రాసిన లోన్ మీకు ఇక దొరకదు కాబట్టి వస్తుందని ఒక వాదన, రాదని ఇంకో వాదన. అందుకే దీన్ని గ్యారంటీ అనుకోకుండా, అయినా వదులుకోకుండా వాడాలి. ఈమెయిల్ విషయం లెండర్‌కి ఈరోజే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లోన్ ఇవ్వలేమంటే కారణంతో సహా లెటర్ ఇమ్మనండి. ఆ లెటర్ జతచేసి గడువు లోపలే లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. ఇంకో కారణం కల్పించి లెటర్ రాయమని లెండర్‌ని మాత్రం అడగొద్దు.

రెండో దారి అప్రైజల్. వీఏ లోన్ ఉన్న ప్రతి కాంట్రాక్ట్‌లో ఒక షరతు తప్పనిసరిగా ఉంటుంది: వీఏ నిర్ణయించిన విలువ కన్నా కాంట్రాక్ట్ ధర ఎక్కువైతే కొనుగోలుదారు ఎర్నెస్ట్ మనీ కోల్పోకుండా తప్పుకోవచ్చు. మీ అప్రైజల్ ఇంకా రాలేదు. రిపోర్ట్ 3 లక్షల 15 వేల కంటే తక్కువ చూపిస్తే ఎవరినీ బతిమాలాల్సిన పనిలేదు. కాబట్టి రిపోర్ట్ ఎప్పుడొస్తుందో లెండర్‌ని అడగండి. ఫైనాన్సింగ్ గడువుకి ముందే వచ్చేటట్టుంటే అది చూసి నోటీసు రాయొచ్చు. రాకపోతే దాని కోసం గడువు దాటనివ్వకండి.

మూడోది చాలామంది కన్ను పడని చోటు. మీ ఇల్లు హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల అసోసియేషన్) ఉన్న సబ్‌డివిజన్‌లో ఉంది, కాబట్టి హెచ్‌ఓఏ అడెండమ్ కూడా ఉండాలి. అసోసియేషన్ నియమాలు, లెక్కల కాగితాలు అమ్మేవాళ్లు మీకు ఇవ్వాలని అందులో టిక్ చేసి ఉంటే, అవి మీ చేతికి అందాక మూడు రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు, ఎర్నెస్ట్ మనీ వెనక్కి ఇవ్వాలి. ఆ కాగితాలు తరచూ ఆలస్యంగానే వస్తాయి. "నాకు ఆ కాగితాలు అక్కర్లేదు" అన్న గడిలోనో, "ఇప్పటికే అందాయి" అన్న గడిలోనో మీరు టిక్ చేసి ఉంటే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే. సెల్లర్స్ డిస్‌క్లోజర్ నోటీసు (ఇంటి లోపాల గురించి అమ్మేవాళ్లు ఇచ్చే కాగితం) విషయంలోనూ ఇలాంటి హక్కే ఉంది. అది అందిన ఏడు రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు, అసలు అందకపోతే క్లోజింగ్ లోపు ఎప్పుడైనా. మీకు మొదటి రోజే అందిందని రాశారు కాబట్టి అది అయిపోయింది.

ఈ దారులేవీ పనిచేయకపోతే ఏమవుతుంది? కాంట్రాక్ట్‌లో 15వ పేరా చదవండి. కొనేవాళ్లు మాట తప్పితే అమ్మేవాళ్లకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, కాంట్రాక్ట్ రద్దు చేసి ఎర్నెస్ట్ మనీని నష్టపరిహారంగా తీసుకోవడం. అప్పుడు మీ బాధ్యత అక్కడితో తీరిపోతుంది. రెండు, కోర్టుకెళ్లి ఇల్లు కొనితీరాలని కానీ, వేరే పరిహారం కానీ కోరడం. అవతలి ఏజెంట్ కోర్టు మాట ఎత్తారంటే ఆ రెండో మార్గం కాగితం మీద ఉండబట్టే. కానీ మూడు లక్షల ఇంటి మీద, జర్మనీ వెళ్లిపోతున్న సైనికుడి మీద దావా వేసి, తీర్పు వచ్చేదాకా ఇల్లు ఖాళీగా పెట్టుకునేవాళ్లు చాలా అరుదు. నేను ఎస్క్రోలో ఉన్నంతకాలం ఇలాంటి గొడవలు దాదాపు అన్నీ ఎర్నెస్ట్ మనీ దగ్గరే తేలాయి. అంటే మీకు జరగగల నష్టం చాలావరకు ఆ మూడు వేలు, కట్టేసిన అప్రైజల్ ఫీజు, ఇన్‌స్పెక్షన్ ఫీజు, ఆప్షన్ ఫీజు. వీఏ ఫండింగ్ ఫీజు క్లోజింగ్ జరిగితేనే పడుతుంది కాబట్టి దాని బెంగ వద్దు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. వాళ్ల ఏజెంట్ అన్న మాట వాళ్ల మాట అని అనుకోవద్దు. ఫోన్‌లో ఏజెంట్లు ఒకరినొకరు కసురుకున్నది అసలు మనుషుల దాకా చేరకపోవచ్చు. కిలీన్, హార్కర్ హైట్స్, కాపరస్ కోవ్ ప్రాంతాల్లో ఇల్లు అమ్మేవాళ్లలో చాలామందికి సైన్యంతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. వాళ్లే సర్వీసులో ఉంటారు, లేదా రిటైరై ఉంటారు, లేదా వాళ్ల అబ్బాయో అమ్మాయో ఉంటారు. ఆర్డర్స్ అంటే ఏమిటో వాళ్లకు మనం వివరించక్కర్లేదు. మీ ఏజెంట్ ద్వారా వాళ్లకు చేరేలా ఒక చిన్న లెటర్ రాయండి. చట్టం పేరెత్తి బెదిరించొద్దు. ఇల్లు మాకు నచ్చింది, ఫలానా తేదీన ఈ కబురొచ్చింది, ఇద్దరం వెళ్లాల్సి వస్తోంది, మీ ఇల్లు మార్కెట్‌లోకి త్వరగా తిరిగి వెళ్లాలని వెంటనే చెబుతున్నాం, ఇంతే. ఆర్డర్స్ కాగితం జతచేసేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్, ఐడీ నంబర్, మిగతా సైనికుల పేర్లు నల్లగా కొట్టేయండి.

నన్నడిగితే అదే లెటర్‌లో ఒక మొత్తం కూడా మీరే ముందు చెప్పండి. మూడు వేలలో వెయ్యి మీరు ఉంచుకోండి, రెండు వేలు మాకు విడుదల చేయండి, అని. వాళ్ల ఇల్లు రెండు వారాలకు పైగా మార్కెట్‌లో లేకుండా పోయింది, ఆ నష్టం నిజమైనదే. మీ తప్పు లేకపోయినా వాళ్ల తప్పు అంతకన్నా లేదు. ఇలా న్యాయంగా అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఒప్పుకుంటే నోటి మాటతో ఆగకుండా రిలీజ్ ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అది లేకుండా టైటిల్ కంపెనీ మామూలుగా డాలరు కూడా కదిలించదు.

వాళ్లు సంతకం పెట్టేది లేదంటే? డబ్బు మీకు చెందుతుందని మీ కాంట్రాక్ట్ చెబుతుంటే, ఎస్క్రో ఏజెంట్‌కి, అంటే టైటిల్ కంపెనీకి, మీరు లిఖితపూర్వకంగా అడగొచ్చు. వాళ్లు అవతలివాళ్లకు కాపీ పంపుతారు. 15 రోజుల్లో అభ్యంతరం రాకపోతే డబ్బు మీకు ఇవ్వొచ్చు. హక్కు లేకుండా సంతకం ఆపినవాళ్లు, అడిగిన ఏడు రోజుల్లో పెట్టకపోతే, నష్టపరిహారం, లాయర్ ఖర్చులు కూడా భరించాల్సి వస్తుంది. ఇది మీకూ వర్తిస్తుంది సుమా. ఎర్నెస్ట్ మనీ నిజంగా వాళ్లదే అని తేలాక కోపంతో సంతకం ఆపితే మీరే ఇరుక్కుంటారు.

ఆర్డర్స్ కాగితం రాలేదని రాశారు. బ్రాంచ్ ఈమెయిల్ ఒక్కటే చూపిస్తే అవతలివాళ్లు నమ్మకపోవచ్చు. మీ కమాండర్ చేత ఒక మెమో రాయించుకోండి, మామూలుగా ఇస్తారు. దాంతో నేరుగా మీ సైనిక స్థావరంలోని లీగల్ అసిస్టెన్స్ ఆఫీసుకి వెళ్లండి. మీలాంటి సర్వీసు సభ్యులకు అక్కడ ఉచితం. కాంట్రాక్ట్ మొత్తం చదివి, నోటీసు ఎలా రాయాలో లాయరే చెబుతారు. నేను పైన చెప్పిన ఫైనాన్సింగ్ చిక్కుముడి వాళ్ల ముందు పెట్టండి. అపాయింట్‌మెంట్ ఆలస్యమయ్యేటట్టుంటే గడువు తేదీ చెప్పి వాక్-ఇన్ అడగండి.

ఎట్టి పరిస్థితుల్లోనూ ఊరికే ఉండిపోకండి. క్లోజింగ్ రోజు రాకుండా పోవడం, ఫోన్లు ఎత్తకపోవడం, ఇవి ఎంత మంచి కేసునైనా పాడుచేస్తాయి. కొంతమంది సిగ్గుతో అలా చేస్తారు. ఆర్డర్స్ రావడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

ఇంకా సంతకం పెట్టని పాఠకులకు ఒక్క మాట. మిలిటరీ క్లాజ్, అంటే ఆర్డర్స్ వస్తే తప్పుకోవచ్చన్న షరతు, అడగండి, కానీ మీ ఏజెంట్‌ని కాంట్రాక్ట్‌లోని స్పెషల్ ప్రొవిజన్స్ పేరాలో రాయమనకండి. ఆ పేరా ధర, తేదీల వంటి వాస్తవాల కోసం. చట్టపరమైన షరతులు రాయడం టెక్సస్‌లో ఏజెంట్ల పని కాదు, నియమాలు ఒప్పుకోవు. అలా రాసిన అర ముక్క వాక్యం రేపు గొడవలో ఎటూ నిలబడదు. లాయర్ చేత విడిగా ఒక అడెండమ్ రాయించండి. పీసీఎస్ ఆర్డర్స్ ఎంత దూరానికైతే వర్తిస్తుంది, 90 రోజులకు మించిన డిప్లాయ్‌మెంట్ కూడా లెక్కలోకి వస్తుందా, ఎన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి, కమాండర్ మెమో చాలునా, ఎర్నెస్ట్ మనీ మొత్తం తిరిగి ఇస్తారా, ఇవన్నీ అందులో ఉండాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే కనీసం ఆప్షన్ పీరియడ్ ఎక్కువ రోజులు అడగండి, దానికి ఇంకో వంద, రెండు వందలు ఎక్కువైనా ఇవ్వండి. ఆ రోజుల్లో ఏ కారణం లేకుండానే తప్పుకోవచ్చు. చివరి రోజు సాయంత్రం 5 గంటల లోపు నోటీసు చేరాలి, 5 దాటితే ఆ హక్కు లేదు. అన్నిటికంటే ముందు, మీ తర్వాతి పోస్టింగ్ ఎప్పుడు ఉండొచ్చో బ్రాంచ్‌ని అడిగాకే ఇళ్లు చూడటం మొదలుపెట్టండి. కొత్త ఇల్లు బిల్డర్ దగ్గర బుక్ చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ల కాంట్రాక్ట్ సాధారణంగా కమిషన్ ఫారం కాదు, వాళ్ల లాయర్లు రాసుకున్నది. టైల్స్, కౌంటర్‌టాప్‌లు ఎంచుకోవడానికి కట్టిన డిపాజిట్ చాలాసార్లు అసలు తిరిగి రాదు.

ప్రశ్న: శాన్ ఆంటోనియోలో అపార్ట్‌మెంట్ లీజులో ఉన్నాం. ఇంకా ఏడు నెలలుంది. మావారికి వాషింగ్టన్ రాష్ట్రానికి పీసీఎస్ వచ్చింది. లీజు ఇద్దరి పేరు మీదా ఉంది. రెండు నెలల అద్దె పెనాల్టీ కట్టాలని మేనేజర్ అంటున్నారు. కట్టాలా?
(ఒక పాఠకురాలు, శాన్ ఆంటోనియో)

జవాబు: అక్కర్లేదు. పైన చెప్పిన ఎస్‌సీఆర్‌ఏ మీకు పూర్తిగా వర్తిస్తుంది. ముందుగా ఖాళీ చేసినందుకు పెనాల్టీ వసూలు చేయకూడదు, మీ భర్తతో పాటు మీరూ లీజు నుంచి విముక్తులవుతారు. లిఖితపూర్వకమైన నోటీసు, దానికి ఆర్డర్స్ కాపీ జతచేసి ఆఫీసులో చేతికిచ్చి రసీదు తీసుకోండి, లేదా రిటర్న్ రసీదుతో పోస్ట్ చేయండి. నెలవారీ అద్దె అయితే, నోటీసు ఇచ్చాక వచ్చే తర్వాతి అద్దె తేదీ నుంచి 30 రోజులకు లీజు ముగుస్తుంది. మే 12న నోటీసు ఇచ్చారనుకోండి, మీ అద్దె ఒకటో తేదీన కట్టాలి, కాబట్టి జూన్ 1 నుంచి లెక్కేసి జూలై 1న ముగుస్తుంది. అప్పటిదాకా అద్దె మీదే. అందుకే నోటీసు ఒక్క రోజు ఆలస్యమై ఒకటో తేదీ దాటితే ఒక నెల అద్దె అదనంగా పడుతుంది.

కొన్ని లీజుల్లో "కొత్త పోస్టింగ్ ఇన్ని మైళ్లకు మించి ఉంటేనే" అని రాస్తారు. ఫెడరల్ చట్టంలో మైళ్ల లెక్క లేదు. మీరేదైనా హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టారేమో చూసుకోండి. అలాంటి వదులుకోలు చెల్లాలంటే అది లీజులో కలిపేసినది కాకుండా విడి కాగితంగా, కనీసం 12 పాయింట్ అక్షరాల్లో ఉండాలి. మేనేజర్ ఇంకా మొండికేస్తే లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు నుంచి ఒక లెటర్ వెళ్తే చాలావరకు సర్దుకుంటుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. మావారు ఫోర్ట్ బ్లిస్‌లో ఉన్నారు. ఎల్ పాసోలో ఇల్లు కొనడానికి కాంట్రాక్ట్ రాశాం, వీఏ లోన్. ఇప్పుడు తొమ్మిది నెలల డిప్లాయ్‌మెంట్ వచ్చింది. క్లోజింగ్ నాటికి ఆయన ఇక్కడ ఉండరు. నేను కూడా ప్రసవానికి ఇండియా వెళ్దామనుకుంటున్నాను. ఇద్దరం ఆ ఇంట్లో ఉండం కాబట్టి లోన్ రాదు, రద్దు చేసుకోవడమే మంచిదని అందరూ అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, ఎల్ పాసో)

జవాబు: రద్దు చేయకండమ్మా. మీ పరిస్థితి మొదటి ఉత్తరం లాంటిది కాదు. మీవారి శాశ్వత పోస్టింగ్ ఫోర్ట్ బ్లిస్‌లోనే ఉంది. అక్కడి నుంచి డిప్లాయ్‌మెంట్ మీద వెళ్లేవాళ్లను తాత్కాలిక విధుల మీద ఉన్నట్టుగానే వీఏ పరిగణిస్తుంది. తిరిగొచ్చి ఆ ఇంట్లో ఉంటామన్న ఉద్దేశం ఉంటే నియమం తీరినట్టే, ఈలోపు భార్య అక్కడ ఉన్నా లేకపోయినా. ఈ సంగతి లెండర్‌తో ఇప్పుడే చెప్పి, ఫైల్‌లో డిప్లాయ్‌మెంట్ ఆర్డర్స్ పెట్టించండి.

మీవారు వెళ్లేలోపు పవర్ ఆఫ్ అటార్నీ చేయించాలి. అన్నిటికీ పనికొచ్చే జనరల్ పవర్ ఇచ్చి వెళ్లిపోతే సరిపోదు. ఇంటి చిరునామా, ధర, లోన్ వివరాలు, వీఏ ఎంటైటిల్‌మెంట్ (వీఏ లోన్ అర్హత) వాడుకుంటున్నట్టు, ఆ ఇంట్లో నివసించే ఉద్దేశం ఉన్నట్టు స్పష్టంగా రాసిన స్పెసిఫిక్ పవర్ కావాలి. సంతకం చేయించే ముందే డ్రాఫ్ట్‌ని లెండర్‌కీ టైటిల్ కంపెనీకీ ఇద్దరికీ చూపించి ఒప్పించుకోండి, ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకోండి. అది కౌంటీలో రికార్డ్ చేయాల్సి ఉంటుంది. నోటరీతో సహా లీగల్ అసిస్టెన్స్ ఆఫీసులోనే ఉచితంగా అయిపోతుంది.

ఇంకొకటి. ఇలాంటి క్లోజింగ్‌కి సంతకాల సమయంలో మీవారు ప్రాణాలతో ఉన్నారని, గల్లంతైనవారి జాబితాలో లేరని లెండర్ నిర్ధారించుకోవాలి. ఆ మాట వింటే మీకు గుండె గుభేలుమనొచ్చు. భయపడకండి, అది డిప్లాయ్‌మెంట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ అడిగే కాగితమే. క్లోజింగ్ తేదీన ఆయన నుంచి కానీ ఆయన కమాండ్ నుంచి కానీ ఒక ఈమెయిల్ రావాల్సి ఉంటుంది, కాబట్టి అక్కడి సమయానికీ ఎల్ పాసో సమయానికీ ఉన్న తేడా చూసుకుని ముందే ఆయనకు చెప్పి ఉంచండి. ఆ ఈమెయిల్ ఏ రూపంలో, ఎవరి పేరున రావాలో లెండర్‌ని ఈ వారమే అడిగి తెలుసుకోండి.